‘పర్ఫెక్ట్ బ్లూ’ బ్లూ-రే: ఒక పాత ఆర్కెస్ట్రా గాయని చూసిన తీరు

మా మేనల్లుడు అమెరికా నుంచి వస్తూ నాకో బ్లూ-రే డిస్కు తెచ్చిచ్చాడు. “అత్తా, బొమ్మల సినిమానే గానీ పిల్లలది కాదు. పాటలు పాడే అమ్మాయి కథ. ఇంట్లో ఎవరూ లేనప్పుడు చూడు” అన్నాడు. నేను 1993 నుంచి ఎనిమిదేళ్లు రాజమండ్రి చుట్టుపక్కల ఆర్కెస్ట్రాలో పాడాను. చవితి పందిళ్లు, దసరా నవరాత్రులు, ఊరి తీర్థాలు, పెళ్లి రిసెప్షన్లు. వాడికి ఊహ తెలిసేసరికి నేను స్టేజీ దిగేశాను. మా అన్నయ్య చెప్పిన కబుర్లు గుర్తుంచుకుని తెచ్చాడు.

సినిమా పేరు ‘పర్ఫెక్ట్ బ్లూ’. జపాన్‌లో మ్యాడ్‌హౌస్ స్టూడియో తీసింది. దర్శకుడు సతోషి కోన్‌కి ఇదే మొదటి సినిమా. 1997లో మాంట్రియల్ ఫిలిం ఫెస్టివల్ ఒకదాంట్లో తొలిసారి వేశారు, జపాన్ థియేటర్లకి 1998 ఫిబ్రవరిలో వచ్చింది. నిడివి 81 నిమిషాలే. యోషికాజు తకెఉచి నవల దీనికి ఆధారం. మొదట మనుషులతోనే తీద్దామనుకున్నారట. 1995లో కోబె భూకంపం వచ్చాక బడ్జెట్ తగ్గి బొమ్మల్లోకి మారింది. నాకైతే అదే మంచిదైంది. ఈ అమ్మాయి మీద జరిగేవన్నీ నిజం మనిషి మీద జరుగుతుంటే కూర్చుని చూడగలిగేదాన్ని కాదు.

కొనాలనుకునేవాళ్లకి ముందుగా డిస్కు సంగతి చెప్పాలి. బ్లూ-రేలకి రీజియన్లుంటాయి. అమెరికా, జపాన్ రీజియన్ ‘ఎ’ కిందికి వస్తాయి, మనం ‘సి’. నా డిస్కుని ఇంట్లో ఉన్న ప్లేయర్లో పెడితే తెర మీద ఒక హెచ్చరిక వచ్చి ఆగిపోయింది. దిగుమతి డిస్కులు అమ్మేవాళ్లలో ఈ సంగతి ముందే చెప్పేవాళ్లు నాకు తగల్లేదు. ఇంతకుముందు ఒక అమ్మకందారు దగ్గర ఇంకో డిస్కు కొని ఇలాగే నష్టపోయాను, డబ్బులు వెనక్కివ్వలేదు. చివరికి అన్ని రీజియన్లూ ఆడే ప్లేయరు తెప్పించుకున్నాను. బొమ్మ బాగుంది. పాత సినిమా కాబట్టి గీతల్లో కాస్త గరుకుతనం ఉంటుంది, అది నాకు నచ్చింది. జపనీస్ మాటలు, ఇంగ్లీషు డబ్బింగు రెండూ ఉన్నాయి. తెలుగు లేదు. జపనీస్‌లోనే పెట్టుకుని కింద అక్షరాలు చదువుకోండి, ఎందుకో తర్వాత చెప్తాను.

కథ కొంచెమే చెప్తాను. మీమా కిరిగోయె అనే అమ్మాయి సొంతూరు వదిలి టోక్యో వచ్చి ‘చామ్’ అనే ముగ్గురమ్మాయిల బృందంలో పాడుతుంటుంది. జపాన్‌లో ఇలాంటివాళ్లని ఐడల్ అంటారు. ఏజెన్సీ వాళ్లే ఏరి, పేరు పెట్టి, గౌను కుట్టించి, అడుగులు నేర్పించి, ఏం మాట్లాడాలో చెప్పి జనం ముందు నిలబెడతారు. ఇక ఐడల్స్‌కి మార్కెట్ లేదు, నటిస్తేనే బతుకు అని ఏజెన్సీ పెద్ద తదొకోరొ తేలుస్తాడు. మీమా బృందం వదిలి ఒక టీవీ క్రైమ్ సీరియల్లో చిన్న వేషానికి వెళ్తుంది. అభిమానుల్లో కొందరికి ఇది ద్రోహంలా కనబడుతుంది. హత్యలు మొదలవుతాయి. ఎవరు చేశారో చెప్పను.

మొదటి పది నిమిషాలూ నేను కదల్లేదు. ఆరుబయట చిన్న స్టేజీ. చామ్ కంటే ముందు పిల్లల కోసం వీరుల వేషాల ఆట జరుగుతుంటుంది. మా కార్యక్రమాల్లో పాటల మధ్య మిమిక్రీ పెట్టినట్టే. తర్వాత ముగ్గురూ వచ్చి పాడతారు. ఆ పాట ఆగకుండానే బొమ్మ మారిపోతుంది: స్టేజీ మీద చెయ్యి తిప్పిన మీమా మరుక్షణం సూపర్‌మార్కెట్లో సరుకులు ఏరుకుంటూ ఉంటుంది, రైల్లో నిలబడి కిటికీ అద్దంలో తన నీడ చూసుకుంటూ ఉంటుంది. మళ్లీ స్టేజీ. ఆ అతుకుని మాటల్లో చెప్పడం కష్టం. తెల్లవారుజామున మూడింటికి వ్యాన్ దిగి, మెరుపులు అంటుకున్న మొహంతో మా వీధి పంపు దగ్గర నిలబడి ఇంటికెళ్లడానికి రెండు నిమిషాలు ఆగేదాన్ని. ఇంట్లోకి ఎవరు వెళ్లాలో తేల్చుకోవడానికన్నట్టు. ఆ రెండు నిమిషాలని ఈ సినిమా తీసి చూపించింది.

పాట గురించి కూడా చెప్పాలి, అది నా పని కాబట్టి. ముగ్గురి గొంతులూ దాదాపు ఒకే స్వరంలో నడుస్తాయి, ఎవరిది ఎవరిదో విడదీయలేం. జపాన్ ఐడల్ బృందాల్లో ఇది మామూలే. మూడు గొంతులకి మూడు వరసలు రాస్తే ఒకరు వెళ్లిపోయిన రోజు పాటకి చిల్లు పడుతుంది. అందరూ ఒకే వరస పాడితే ఎవరిని తీసేసినా పాట అలాగే నిలబడుతుంది. నిజంగానే మీమా వెళ్లాక మిగిలిన ఇద్దరూ మునుపెన్నడూ ఎక్కని చార్టులోకి ఎక్కుతారు. ఆ వార్త విన్నప్పుడు మీమా మొహం చూడండి. సంతోషపడాలి, సంతోషపడుతుంది, దాని కింద ఇంకేదో ఉంటుంది. గీసిన మొహం మీద అంత చూపించారు.

ఈ పద్ధతి జపాన్‌లో ఎప్పుడు పుట్టిందో వెనక్కి వెళ్లి కొంత చదువుకున్నాను. 1971లో ‘స్టార్ తాంజో’ అనే టీవీ పోటీ మొదలైంది. చివరి వడపోతలో పిల్ల పాడి నిలబడితే, రికార్డు కంపెనీల వాళ్లూ ఏజెన్సీల వాళ్లూ ఆ పిల్ల కావాలనుకుంటే తమ సంస్థ పేరున్న పలక పైకెత్తేవాళ్లు. ఎత్తేదాకా ఆ పిల్ల అలా చూస్తూ ఉండాలి. అందులోంచే వచ్చిన మొమొయె యమగుచి 1980 అక్టోబరులో, 21 ఏళ్లకే, పెళ్లి చేసుకోబోతూ బుడోకాన్ వేదిక మీద మైకు పెట్టేసి వెళ్లిపోయింది, మళ్లీ పాడటానికి రాలేదు. అంతకుముందు క్యాండీస్ అనే ముగ్గురమ్మాయిలు 1977లో స్టేజీ మీదే ఏడుస్తూ, మామూలు ఆడపిల్లల్లా బతకాలనుంది అన్నారు, 1978 ఏప్రిల్లో కొరాకుయెన్ స్టేడియంలో వేలమంది ముందు వీడ్కోలు చెప్పారు. మీమా వీడ్కోలుకి స్టేడియం లేదు. చిన్న స్టేజీ, కెమెరాలు పట్టుకున్న కొద్దిమంది మగవాళ్లు, మధ్యలో గొడవ చేసి డబ్బాలు విసిరే కుర్రాళ్లు. కోన్ పెద్ద తార కథ ఎంచుకోకుండా ఈ చిన్న స్థాయి అమ్మాయిని ఎంచుకోవడం నాకు చాలా విలువైన పని అనిపించింది. పెద్ద తారకి కనీసం కాదనే బలం ఉంటుంది.

ఈ సినిమా గురించి నలుగురూ చెప్పేది పిచ్చి గురించి, ఏది నిజం ఏది కల అనే చిక్కుముడి గురించి. అవి ఉన్నాయి, గొప్పగా ఉన్నాయి. కానీ నాకు దీని నడుమ కనిపించింది మనం రోజూ వాడే మాట, మొహమాటం. మీమాని ఎవరూ కొట్టి లొంగదీయరు. మొదట్లోనే ఒక సన్నివేశం ఉంది. తదొకోరొ, మేనేజర్ రూమి ఇద్దరూ మీమా భవిష్యత్తు గురించి మీమా ముందే వాదించుకుంటారు. ఈ పిల్ల పాడటానికి వచ్చింది అంటుంది రూమి. పాటతో ఇంకెన్నాళ్లు అంటాడు ఆయన. మీమా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తుంది. తర్వాత సీరియల్ వాళ్లు ఆ అమ్మాయి పాత్ర మీద అత్యాచారం జరిగే ఘట్టం రాస్తారు. రూమి మండిపడుతుంది. మీమా మాత్రం చేస్తానంటుంది.

ఆ షూటింగు సన్నివేశం ఈ సినిమా మొత్తానికీ కష్టమైన చోటు. అక్కడ భయపెట్టేది ఆ ఘట్టం ఒక్కటే కాదు, మధ్యలో వచ్చే విరామం. డైరెక్టరు కట్ అంటాడు, అందరూ ఉన్నచోటే ఆగుతారు. మీద పడి ఉన్న నటుడు గొంతు తగ్గించి “క్షమించండి” అంటాడు. మీమా పరవాలేదన్నట్టు సర్దుకుంటుంది. మళ్లీ యాక్షన్. మానిటర్ గదిలో ఉన్న రూమి కళ్లనీళ్లతో బయటికి వెళ్లిపోతుంది.

నేను అక్కడ ఆపేసి వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగాను. కోనసీమలో ఒక ఊరి తీర్థానికి వెళ్లినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. పోస్టరు మీద మాత్రం ‘బేబీ’ అనే ఉండేది, అడిగితే పదహారని చెప్పమనేవారు. పాట మధ్యలో ఒక చీటీ వచ్చింది, ఫలానా పాటకి ఆ సింగరే డ్యాన్సు కూడా చెయ్యాలని. నేను డ్యాన్సు చేసేదాన్ని కాదు. మా ఆర్గనైజరు వచ్చి, “జనరేటరు ఖర్చు కూడా వాళ్లే పెట్టుకున్నారమ్మా. ఒక్క పాట. ఇంతమంది ఇంత కష్టపడి వచ్చాం” అన్నాడు. ఆ మనిషి మంచివాడే, నాకు పాడే అవకాశం ఇచ్చింది ఆయనే. అందుకే కాదనలేకపోయాను. చేశాను. ముందు వరసల్లోంచి ఏం వినబడిందో ఇక్కడ రాయను. పాట అయ్యేదాకా కీబోర్డు మాస్టారు తలెత్తలేదు. తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో చీకట్లో, “ఏమనుకోకమ్మా” అన్నారు. నేనూ పరవాలేదు మాస్టారూ అన్నాను. ఆ జవాబు నా నోట్లోంచి ఎంత త్వరగా వచ్చిందో ఇన్నేళ్ల తర్వాత, జపాన్‌లో గీసిన ఒక బొమ్మ సర్దుకుంటుంటే తెలిసింది.

మీమా ఇంటికొస్తుంది. గదిలో చిన్న చేపల తొట్టి ఉంటుంది, ఆమె రోజూ మేత వేసే చిన్న చిన్న చేపలు. చచ్చి తేలుతుంటాయి. అప్పటిదాకా పరవాలేదన్న పిల్ల అక్కడ విరిగిపోతుంది. వస్తువులు విసిరేస్తుంది, నాకిష్టమై చేస్తానా అని అరుస్తుంది, నన్ను ఇంతదాకా తెచ్చినవాళ్లకి ఇబ్బంది అవుతుందనే కదా అంటుంది. సినిమాకి ఇదే గుండెకాయ. దీని తర్వాత వచ్చే హత్యలు, అద్దాలు, పరుగులు అన్నీ ఈ ఒక్క ఏడుపులోంచి పుట్టినట్టు నాకనిపించాయి.

జపనీస్‌లోనే వినమన్నది ఇందుకు. మీమాకి గొంతిచ్చిన జుంకో ఇవావో స్టేజీ మీద ఒక గొంతు, ఆఫీసులో ఒక గొంతు, ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడు ఇంకో గొంతు పెట్టింది. అమ్మతో మాట్లాడేటప్పుడు మాట సొంతూరి యాసలోకి జారుతుంది. భాష రాని నాకే ఆ జారుడు వినబడింది. పట్నంలో శుద్ధంగా యాంకరింగ్ చేసి, ఇంటికి ఫోన్ చేయగానే “ఏంటే అమ్మా” అనే పిల్లలు మన దగ్గర ఎంతమంది లేరు. సీరియల్లో ఆమెకి మొదట ఇచ్చే డైలాగు ఒక్కటే: “మీరెవరు?” దాన్ని మూలన నిలబడి వల్లెవేసుకుంటూ ఉంటుంది. కొత్తగా వచ్చిన వాళ్లు ఒకే చరణాన్ని బాత్‌రూం తలుపు దగ్గర పాడుకున్నట్టు. ఆ ప్రశ్న తర్వాత ఆమె మీదకే ఎలా తిరుగుతుందో మీరే చూడండి.

ఇంటర్నెట్ భాగం నన్ను ఆశ్చర్యపరిచింది. సినిమా వచ్చినప్పుడు మా ఊళ్లో కంప్యూటరు అంటే టైపు ఇన్‌స్టిట్యూట్లో ఉండే వస్తువు. మీమాకి కూడా తెలీదు, రూమి పక్కన కూర్చుని డబుల్ క్లిక్ అంటే ఏంటో నేర్పుతుంది. ‘మీమా గది’ అనే పేజీలో ఎవరో మీమాలాగే డైరీ రాస్తుంటారు. మొదట చదివి నవ్వుకుంటుంది. తర్వాత రైలు దిగేటప్పుడు తను ముందు ఏ కాలు పెడుతుందో కూడా అందులో ఉండటం చూసి నవ్వు ఆగిపోతుంది. ఇంకాస్త పోయాక, తనకంటే ఆ డైరీయే తన గురించి బాగా చెప్తోందేమోనని అనుమానం వస్తుంది. ఆ రాసే ‘మీమా’ ఎప్పుడూ పాటల గౌన్లోనే ఉండాలంటుంది, నటన తనకిష్టం లేదంటుంది. అంటే ఎవరో ఒకరికి ఆ తయారుచేసిన పిల్ల ఎంత నచ్చిందంటే, ఆ గౌను కింద ఉన్న మనిషి పెరగడమే వాళ్లకి తప్పుగా కనబడింది. నాకు పెళ్లి కుదిరాక కూడా పోస్టరు మీద బేబీనే. పెళ్లయ్యాక మెడలో నల్లపూసలు తీసి పర్సులో పెట్టి స్టేజీ ఎక్కేదాన్ని. దిగాక మొదట పర్సు తడుముకునేదాన్ని, ఉన్నాయా లేవా అని. జపాన్‌లో ఈ సినిమా వచ్చిన పదిహేనేళ్ల తర్వాత, 2013లో, ఏకేబీ48 అనే పెద్ద బృందంలో ఒకమ్మాయి అబ్బాయితో గడిపిందని పత్రికలో వస్తే గుండు చేయించుకుని వీడియోలో ఏడుస్తూ క్షమాపణ అడిగింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

లోపాలు లేకపోలేదు. వెంటపడే అభిమానిని గీసిన తీరు నాకు నచ్చలేదు. ఎడంగా ఉన్న కళ్లు, పళ్లు, వికారమైన మొహం. చూడగానే చెడ్డవాడని తెలిసిపోయేలా. నేను చూసినంతలో అలాంటివాళ్లు బాగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మొదటి వరసలో మర్యాదగా కూర్చునేవారు. ఆ మొహం అలా గీయకుండా ఉంటే ఇంకా భయం వేసేది. రెండోది, మీమా ఒంటిని కెమెరాలు దోచుకుంటున్నాయని చెప్తూనే ఈ సినిమా కూడా ఆ ఒంటిని అవసరానికి మించి చూపిస్తుంది. ఫోటో షూట్ ఘట్టం అంతసేపు ఉండక్కర్లేదు. కోన్ మనసు మంచిదని నమ్ముతాను, కానీ ఆడది ఆ ఘట్టాన్ని కూర్చి ఉంటే ఇంకో చోట కోసేదనిపించింది. చివరి పావుగంటలో కల, సీరియల్, నిజం మరీ వేగంగా కలగలిసిపోతాయి. మొదటిసారి నాకు దారి తప్పింది, రెండోసారి చూసినప్పుడు అన్నీ వాటి చోట్లలో కూర్చున్నాయి. మసాహిరో ఇకుమి నేపథ్య సంగీతం మాత్రం రెండుసార్లూ ఒళ్లు జలదరించేలా చేసింది.

జపాన్ కథల్లో ఇలాంటి పాటల పిల్లలు చాలామంది ఉన్నారని మేనల్లుడు చెప్పి కొన్ని చూపించాడు. 1982 నాటి ‘మాక్రోస్’లో మిన్మే పాట యుద్ధాన్నే ఆపుతుంది. 1983లో ‘క్రీమీ మామి’లో పదేళ్ల పిల్ల మంత్రంతో పెద్దమ్మాయై గాయని అవుతుంది. ఆ పాత్రకి గొంతిచ్చిన తకాకో ఓతా అప్పుడే గాయనిగా తొలి పాట విడుదల చేస్తున్న నిజం ఐడల్. కథలో పిల్లనీ కథ బయట పిల్లనీ ఒకేసారి జనం ముందుకి తెచ్చారన్నమాట. 1994లో ‘మాక్రోస్ ప్లస్’ షారన్ యాపిల్ అసలు మనిషే కాదు, కంప్యూటరు. దాని పాటల్లో ఉన్న మనసు మాత్రం తెర వెనక కూర్చున్న మ్యుంగ్ అనే ఒక ఆడమనిషిది. 2020 నుంచి 2024 దాకా వచ్చిన ‘ఓషి నో కో’ కామిక్‌లో హోషినో ఐ అబద్ధాన్నే ప్రేమలా పంచుతూ బతుకుతుంది. షారన్ వెనక ఉన్న మ్యుంగ్ నా మనసులో నిలిచిపోయింది, ట్రాక్ వెనక పాడి పేరు లేకుండా పోయిన వాళ్లు నాకు తెలుసు కాబట్టి. అయినా మీమా దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్తున్నాను. మిగతావాళ్లకి మంత్రమో యంత్రమో మెరుపో ఉంది. ఈ పిల్లకి ఒక ఇరుకు గది, చేపల తొట్టి, అమ్మ ఫోను ఉన్నాయి.

డిస్కులో కోన్ ఈ సినిమా గురించి చేసిన ప్రసంగాలు కూడా ఉన్నాయి. సినిమా చూసిన మర్నాడు తీరిగ్గా పెట్టుకోండి. ఆయన 2010 ఆగస్టులో 46 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయారు. పూర్తిచేసిన పెద్ద సినిమాలు నాలుగే. వాటిలో ‘మిలీనియం యాక్ట్రెస్’ ఒక నటి జీవితం గురించి అని విన్నాను, తర్వాత అది తెప్పించుకుంటాను.

నా లెక్కలో 5కి నాలుగున్నర. పద్దెనిమిది నిండినవాళ్లే చూడాలి. కార్టూన్ అనుకుని పిల్లల ముందు పెట్టకండి. లైంగిక హింస చూడలేనివాళ్లు సగానికి ముందే వచ్చే షూటింగు ఘట్టం దాటేసినా కథ అర్థమవుతుంది, కానీ ఆ చేపల తొట్టి దగ్గర నుంచి మాత్రం వదలొద్దు. రాత్రి ఒంటరిగా వద్దు, పగలు చూడండి. నా దగ్గర పాట నేర్చుకునే పిల్లల్లో ఇద్దరు టీవీ పాటల పోటీలకి వెళ్తామంటున్నారు. పెద్దయ్యాక వాళ్లకి ఇది చూపిస్తాను. ఇప్పటికైతే వాళ్ల అమ్మల్ని కూర్చోబెట్టి ఆ బల్ల దగ్గరి వాదన ఘట్టం ఒక్కటి చూపించాను. పిల్ల గురించి పిల్ల ముందే మాట్లాడుకుంటారే, అది. ఒకావిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మేమూ దాన్ని ఎప్పుడూ అడగలేదండీ” అంది.

డిస్కు ఇప్పుడు నా దగ్గర లేదు. ఆర్కెస్ట్రాలో నాతో డ్యూయెట్లకి రెండో గొంతు పాడిన స్నేహితురాలు కాకినాడ నుంచి వచ్చి, డిస్కుతో పాటు ప్లేయరు కూడా పట్టుకెళ్లింది. నిన్న రాత్రి ఫోన్ చేసింది. “చేపల దగ్గర ఆపేశానే. మిగతాది రేపు చూస్తా” అంది.